‘అడవి దొంగ’ ఆడుతుండగా

2022 ఆగస్టు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్. బల్ల మీద యాదాద్రి భువనగిరి జిల్లా నుంచి వచ్చిన ఓ పెద్దావిడ. మెదడులో గడ్డ. డాక్టర్లు పుర్రె తెరిచి పని చేస్తున్నారు. ఆమె మెలకువగానే ఉంది. కళ్లెదుట ట్యాబ్‌లో చిరంజీవి ‘అడవి దొంగ’ ఆడుతోంది.

డాక్టర్లు ఆమెను మాటల్లో పెట్టి, ఏ హీరో ఇష్టమని అడిగారు. చిరంజీవి అంది. 1985లో రాఘవేంద్రరావు తీసిన ఆ సినిమా పెట్టారు.

సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ దగ్గరుండే మా మేనత్త ఆ వార్తను టీవీలో నోరు తెరుచుకుని చూసింది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు మరుసటి వారమే ఆమెకూ ఆపరేషన్.

“పుర్రె కోస్తుంటె సినిమా ఎట్ల సూసిందిరా?” అని ఒకటే ప్రశ్న. కాసేపాగి, “నన్నడిగితెనైతె శోభన్‌బాబు అంటుంటి” అంది.

మెదడుకు నొప్పి తెలియదు. తెలిసేదల్లా తల మీది చర్మానికి, మెదడును కప్పిన పొరకు. అక్కడ తిమ్మిరి సూదులు వేస్తారు. మాటకో, కాళ్లూచేతుల కదలికకో సంబంధించిన చోటును ఆనుకుని గడ్డ ఉంటే రోగి మెలకువగా ఉండటమే మేలు. కోస్తుండగా మాట తడబడినా, వేళ్లు మొరాయించినా సర్జన్ అక్కడే ఆగిపోతాడు. అయితే ఆ మనిషి బెదిరిందంటే బీపీ పెరుగుతుంది, నెత్తురు పోయే ముప్పు పెరుగుతుంది. ఉలిక్కిపడి కదిలితే చెప్పనే అక్కర్లేదు. అందుకే ఆ సినిమా కాలక్షేపం కాదు, వైద్యంలో భాగం. 2017లో గుంటూరులో ‘బాహుబలి’, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ‘అదుర్స్’ ఇదే పని చేశాయి.

వార్తలన్నీ దీన్ని అభిమానం కథగా రాశాయి. నాకైతే సినిమా కన్నా, ఏది ఇష్టమని ఆమెను అడగడమే పెద్ద విషయమనిపించింది. ఎందుకంటే మా అత్తను ఎవరూ ఏమీ అడగలేదు. వచ్చినవాళ్లంతా “భయపడకు” అని చెప్పి, చాయ్ తాగి, తమకు తెలిసినవాళ్ల ఆపరేషన్ ఎట్లా చెడిందో వివరంగా వినిపించి పోయేవాళ్లు.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం మత్తు డాక్టర్ వచ్చాడు. కుర్రవాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, “దేనికి భయమైతుందమ్మా?” అన్నాడు.

అత్త చిన్నవాటితో మొదలుపెట్టింది. మత్తులో ఇంటి సంగతులేమైనా వాగుతానా అంది. ఊగుతున్న పన్ను సంగతి చెప్పింది. అతను ఆ పన్ను చూసి రాసుకున్నాడు. గొంతులో గొట్టం వేసేటప్పుడు అది ఊడితే కష్టమట. అన్నం ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు అన్నాడు. అప్పుడు గానీ అసలుది బయటికి రాలేదు.

“లేవకపోతె ఎట్ల సారు?”

నవ్వలేదు, కొట్టిపారేయలేదు. మత్తిచ్చి వెళ్లిపోతానని అనుకుంటున్నావా అని అడిగాడు. అత్త అవునంది. అక్కడుంది చిక్కంతా. సర్జన్ కోసి, కుట్టి, వెళ్లేదాకా తను తల దగ్గరే ఉంటానని, గుండె, ఊపిరి, బీపీ కనిపెడుతూ మందు కొంచెం కొంచెం ఇస్తానని, అది ఆపితేనే మెలకువ వస్తుందని చెప్పాడు. అరుదుగా ఇబ్బందులు రావచ్చని కూడా దాచలేదు. అత్తకు ఆ మాటతోనే నమ్మకం కుదిరిందని నా అనుమానం.

లేవబోతుంటే ఆపి, మెడ మీద చెయ్యి వేసుకుని అడిగింది, “పుస్తెలు తియ్యాల్నా?”

తియ్యాలన్నాడు. నెత్తురు ఆపడానికి కరెంటు పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదముంది. మెట్టెలు, గాజులు కూడా అంతే. పసుపుకొమ్ము కట్టిన నూలు తాడుకు అభ్యంతరం లేదన్నాడు.

అత్త వెంటనే మామయ్య వైపు తిరిగింది. “ఇంటికి పోయి రా. వంటింట్ల పై అర, మిరియాల డబ్బ ఎనక. కొమ్ము ఇరగనిది సూసి తే.”