తప్పటడుగుల చరిత్ర

సముద్రం దాటి మలయాకు వచ్చిన మన పెద్దలు తమ వెంట ఏమి తెచ్చుకొన్నారని అడిగితే, భాష, పండుగలు, దేవుళ్ళు అని మనమందరం చెబుతాము. చంటిబిడ్డను ఆడించి నిలకడ నేర్పే విద్యను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ విద్యను గురించి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పుకోవాలని మా ఉద్దేశం.

సెలంగోర్ రాష్ట్రంలో, కువాలా సెలంగోర్ జిల్లాలో ఉన్న బటాంగ్ బెర్జుంటైకి 2007లో బెస్తారి జయ అని పేరు మార్చారు. తోటల చరిత్రలో ఈ ఊరికి పెద్దపీట ఉంది. మలయాలో వ్యాపారానికై వేసిన మొదటి పామాయిల్ తోట 1917లో ఇక్కడి తెన్నమారం ఎస్టేటులో వెలసింది. నాటించినవాడు ఆన్రీ ఫోకొన్నియే అనే ఫ్రెంచి దొర. 'మలేసీ' అనే నవల వ్రాసి 1930లో గోంకూర్ బహుమతి పొందినవాడూ ఆయనే. దొరల దస్త్రాలలో ఎకరాలు, తూకాలు దొరుకుతాయి గాని, కూలీల లైను ఇళ్ళ ముందు బిడ్డ వేసిన మొదటి అడుగు ఏ దస్త్రానికెక్కుతుంది?

విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి కంగాణీల వెంట మనవారు ఎందరో మలయా తోటలకు వచ్చారు. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల వలసను నిలిపివేసింది. రబ్బరు తోటలలో తెల్లవారకముందే పని మొదలయ్యేది. తల్లి చెట్లు గీయటానికి పోతే, బిడ్డ ఆయమ్మ చూసే కొట్టంలో గుడ్డ ఉయ్యాలలో ఉండేది. ఉయ్యాల బిడ్డను నిద్రపుచ్చుతుంది గాని, మెడకూ నడుముకూ పని చెప్పదు. ఆ పని తల్లి ఇంటికి వచ్చాకనే జరగాలి. అలసిన తల్లికి మిగిలిన ఆ సాయంత్రపు ఘడియే బిడ్డకు బడి.

ఆ బడికి పుస్తకం లేదు. బోర్లా పడుకోబెడితే బిడ్డ తల ఎత్తుతుంది. మెడ నిలిచాక పెద్దలు కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళమీద కూర్చోబెట్టి, చేతులు పట్టుకొని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతారు. ఒరిగినప్పుడల్లా బిడ్డ తనంతట తానే సర్దుకొంటుంది. చెవి లోపలి మూడు అర్ధవలయ నాళాలు తల కదలికను మెదడుకు తెలుపుతాయని, కన్నూ కండరమూ దానితో కలిసి నిలకడ నేర్చుకొంటాయని శాస్త్రం చెబుతుంది. మన అవ్వలకు ఆ పేర్లు తెలియవు, పని తెలుసు. మెడ నిలవని బిడ్డను ఎగరవేయరాదనీ, కుదపరాదనీ కూడా తెలుసు.

ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పండుగ చేసిన జాతి మనది. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులు వేస్తే అరిసెలు! తొందర పెట్టటం మాత్రం మన పద్ధతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కూడా, బిడ్డ ఒంటరిగా నడవటం సుమారు 8 నెలల నుంచి 17 నెలల దాకా ఎప్పుడైనా జరగవచ్చును.

తొందరే ఇప్పటి చిక్కు. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టి చక్రాలపై తిరగనిచ్చే బండి నడక నేర్పదు. మెట్ల మీదినుంచి పడవేయగలదు. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. బిడ్డ లేచి నిలిచి, తానే తోసుకొంటూ పోయే మన పాత మూడు చక్రాల కొయ్యబండి వేరు. అక్కడ బరువు మోసేవి బిడ్డ కాళ్ళే. ఏడాది లోపు పిల్లలను ఒక్క గంటకు మించి కదలనీయకుండా కట్టి ఉంచరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. గుడ్డ ఉయ్యాల పోయినా, కారు సీటూ టెలిఫోను తెరా ఆ చోటు ఆక్రమించాయి.

తెలుగు చదవటం రాని మన మనుమలు ఎందరో ఉన్నారు. వారి బిడ్డలకైనా, కాళ్ళమీద ఊగుతూ విన్న తెలుగు మాట మొదటి మాట కావచ్చును. పొద్దంతా చెట్లు గీసి వచ్చిన తల్లులు ఆ ఘడియను బిడ్డకు దక్కించారు. మనకు దొరకదా? ఈ సాయంత్రమే చాప పరచి కూర్చోండి. ఇదే మా మనవి.