ప్లగిన్ల చరిత్ర, పన్నెండు గుంటల లెక్క

ప్లగిన్ అనగానే మన ఐటీ వాళ్ళకి ఎక్లిప్సో, ఫైర్‌ఫాక్సో, జెంకిన్సో గుర్తొస్తుంది. ఒక్క నొక్కు నొక్కితే దిగుతుంది, రీస్టార్ట్ చేస్తే పనిచేస్తుంది, చెయ్యకపోతే నాలుగు తిట్లు తిట్టుకుని ఇంకోటి వెతుక్కుంటాం. అది అక్కడిదాకా ఎలా వచ్చిందని అడిగే తీరిక ఎవరికుంది చెప్పండి? ఈ టపాలో నేను చెప్పబోయేది క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ గురించి, దాని ప్లగిన్లు చేతులు మారిన పద్ధతి గురించి. దానికీ మా ఆదిలాబాద్‌కీ ఏం సంబంధం అంటారా? ఉంది. కథ చివరికి పన్నెండు గుంటల భూమి దగ్గరికి వచ్చి ఆగుతుంది. కాస్త పెద్ద టపా, ఓపిక పట్టండి.

ముందు పాత సంగతి. మన దేశంలో మ్యాపు అన్నది చాలాకాలం సర్కారు సొత్తు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. నాగపూర్ వెళ్ళే దారిలో, 1823 జనవరిలో, హింగన్‌ఘాట్‌లో ఆయన కన్నుమూశాడు. మా ఆదిలాబాద్ దాటి నాగపూర్ రోడ్డు పట్టుకుంటే తగిలే ఊరే అది. ఆయన తరవాత పని అందుకున్న జార్జ్ ఎవరెస్ట్, భూమి ఆకారానికి 1830లో ఒక లెక్క కట్టాడు. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత షీట్లు ఆ లెక్క మీదే నడిచాయి. ఇప్పటి జీపీఎస్‌ది వేరే లెక్క. ఈ తేడా పట్టించుకోకుండా ఒకదాని మీద ఒకటి పరిస్తే మీ పొలం గట్టు పక్కవాడి చేలోకి జరుగుతుంది.

ఆ షీట్లలో ఆదిలాబాద్ పట్టణం 56వ నంబరు గడిలో 'ఐ' అనే చిన్న గడిలోకి వస్తుంది. హైదరాబాద్ అదే నంబరులో 'కె'. షీటు ఉందని తెలిసినా, అది చేతికి రావడం వేరే సంగతి. రక్షణ కారణాలతో చాలా షీట్ల మీద ఆంక్షలుండేవి. 2005లో జాతీయ మ్యాపుల విధానం వచ్చి, సైన్యానికి ఒక వరస, జనానికి ఒక వరస అని విడదీసింది. 2017లో కొన్ని షీట్లు ఆధార్ చూపించి డౌన్‌లోడ్ చేసుకునే వీలొచ్చింది. 2021 ఫిబ్రవరిలో కొత్త మార్గదర్శకాలతో మనదేశపు కంపెనీలకూ వ్యక్తులకూ తలుపులు బాగా తెరుచుకున్నాయి. అంటే లాంబ్టన్ గొలుసు పట్టుకున్న రెండు శతాబ్దాల తరవాత అన్నమాట.

సాఫ్ట్‌వేర్ కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే. గ్రాస్ అనే జీఐఎస్ 1982లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల పరిశోధన కేంద్రంలో పుట్టింది. సైన్యం వదిలేశాక విశ్వవిద్యాలయాల వాళ్ళు చేరదీసి, 1999లో జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చారు. మిగతా జీఐఎస్‌లలో పేరున్నవన్నీ లైసెన్సు కొనుక్కోవలసినవే. మండలాఫీసులో ఒక కుర్రాడు నేర్చుకుందామంటే అందేవి కావు.

2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ అనే ఆయన, లినక్స్‌లో పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్‌లోని మ్యాపులు చూసుకోవడానికి ఒక వ్యూయర్ రాసుకున్నాడు. క్యూటీ లైబ్రరీతో కట్టాడు కనక పేరులో ఆ 'క్యూ' వచ్చి చేరింది. క్వాంటం జీఐఎస్ అన్నారు. ఆ జులైలో విడుదలైన మొదటి రూపం చేసే పని చూడటం ఒక్కటే. మరి ఇవాళ అంతంత పెద్ద సంస్థలు వాడే సరుకు ఎలా అయింది? నా అభిప్రాయంలో జవాబు ఒక్కటే: వచ్చినవాడిని వచ్చినట్టు లోపలికి రానిచ్చింది. ఆ తలుపు పేరే ప్లగిన్.

మొదట్లో ఆ తలుపు ఇరుకు. ప్లగిన్ రాయాలంటే సీ ప్లస్ ప్లస్ రావాలి. రాసింది ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కి విడిగా కంపైల్ చెయ్యాలి. కంపైలర్ వెర్షన్ తేడా వస్తే మళ్ళీ మొదటికి. కాబట్టి రాసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 2007లో 0.9 వెర్షన్‌తో పైథాన్ వచ్చింది, కథ మారింది. ఇప్పుడు ప్లగిన్ అంటే నాలుగు ఫైళ్ళున్న ఒక ఫోల్డర్. దాన్ని తీసుకెళ్ళి సరైన చోట పెడితే చాలు, కంపైల్ అన్న మాటే లేదు. భూగోళం పాఠం చెప్పే మాస్టారు, అడవుల మీద పనిచేసే పరిశోధకుడు, మునిసిపాలిటీ ఇంజనీరు, ఎవరైనా రాయొచ్చు.

పంచుకోవడం ఎలా? మొదట్లో ఎవరి పద్ధతి వాళ్ళది. వెబ్‌సైట్లో జిప్ పెట్టేవాడొకడు, మెయిల్‌లో పంపేవాడొకడు. 2009 జనవరిలో 1.0 వచ్చేసరికి ప్లగిన్ ఇన్‌స్టాలర్ క్యూజీఐఎస్‌లోనే ఉంది. అది పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు: ప్లగిన్ పేరు, వెర్షన్, జిప్ ఎక్కడుంది, అంతే. ఆ ఫైలు ఏ సర్వర్‌లో ఉన్నా సరే, ఇన్‌స్టాలర్‌కి దాని అడ్రసు ఇస్తే జాబితా మీ ముందుంటుంది. ఎవరికి వాళ్ళు చిన్న కొట్టు తెరుచుకోవచ్చు. కొట్టు యజమాని సర్వర్ డబ్బులు కట్టడం మానేస్తే సరుకు గల్లంతు, అది వేరే విషయం. అందుకే తరవాత అందరికీ ఒకటే అధికారిక భాండాగారం వచ్చింది. మెటాడేటా అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో పేరు, రచయిత, కనీసం ఏ వెర్షన్ కావాలో రాయాలి. కొత్తవాళ్ళ ప్లగిన్ని ఎవరో ఒకరు చూసి ఆమోదిస్తారు. వెయ్యికి పైగా ప్లగిన్లు పోగుపడ్డాయి. ఎఫ్‌టూల్స్ లాంటివి ప్లగిన్‌గా పుట్టి, బాగున్నాయని అసలు సాఫ్ట్‌వేర్‌లోనే కలిసిపోయాయి.

నాణేనికి రెండోవైపు కూడా చెప్పుకోవాలి. 2013 సెప్టెంబరులో 2.0 వచ్చినప్పుడు ఏపీఐ మారి పాత ప్లగిన్లు మూలపడ్డాయి. 2018 ఫిబ్రవరిలో 3.0తో పైథాన్ 3, క్యూటీ 5 వచ్చి మళ్ళీ అదే తంతు. రచయిత ఓపికున్నవాడైతే తిరగరాశాడు, లేకపోతే ఆ ప్లగిన్ అక్కడితో సరి. అయితే జీపీఎల్ పుణ్యమా అని కోడు అందరి దగ్గరా ఉంటుంది. రచయిత వదిలేసినా, అవసరమున్నవాడు ఎత్తుకుని నడిపించుకోవచ్చు. నలుగురూ పంచుకోవడం అంటే నాకు అర్థమైనది ఇదే. డౌన్‌లోడ్ బటన్ పెట్టడం ఒక్కటే కాదు.

ఇక మా ఊరికొద్దాం. ఆదిలాబాద్‌లో మ్యాపు మీద గీత అంటే ఆషామాషీ కాదు. నిజాం కాలంలో రిజర్వు ఫారెస్టు హద్దులు గీసినప్పుడు గోండు గూడేల చుట్టూ గీత పడింది. చేలు అడవిలోకి పోయాయి, మనుషులు ఆక్రమణదారులయ్యారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఆ భూమి కోసమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగినప్పుడూ గొడవ భూమిదే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి హక్కు అంది. 2023 జూన్ 30న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు, లక్షన్నర మందికి.

సాగులో ఉందని రుజువు ఏది? ఉపగ్రహ చిత్రం చూస్తే తెలియదా అంటారు. 2008 నుంచి ల్యాండ్‌శాట్ పాత చిత్రాలు ఉచితం. వాటిని దించుకుని అడవి ఏది, చేను ఏది అని వర్గీకరించే ప్లగిన్లూ ఉన్నాయి. కానీ లెక్క చూడండి. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లకి 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు. ఎకరం 4047. మొత్తం ఎకరానికి నాలుగున్నర పిక్సెళ్ళు! మధ్యలో రెండు ఇప్పచెట్లుంటే ఆ చేను అడవిగా తేలినా ఆశ్చర్యం లేదు. అందుకేనేమో 2012 నాటి సవరణ నియమాలు ఉపగ్రహ చిత్రాన్ని మిగతా సాక్ష్యాలకు తోడుగానే వాడాలనీ, వాటి బదులు కాదనీ చెప్పాయి. ప్లగిన్ రంగులేసి చూపించినంత మాత్రాన అది తీర్పు కాదు. ఆ మాట చెప్పడానికైనా అవతలివైపు కూడా అదే ప్లగిన్ నడపగలవాడు ఒకడుండాలి. ఓపెన్ సోర్స్ విలువ నాకు ఇక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు పన్నెండు గుంటలు. మా కాక పాసుబుక్కులో విస్తీర్ణం 2.20 అని ఉంటుంది. "గిదేందిరా, మిషన్ల రెండెకరాల చిల్లర జూపెడుతున్నది? మనది రెండున్నర గదా" అన్నాడు ఒకసారి నా ల్యాప్‌టాప్ చూసి. మా దిక్కు ఎవరికైనా తెలుసు, 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కనక అది రెండున్నర ఎకరాలు. ఆ కాలమ్‌ని మన సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించగానే అది దశాంశంగా చదువుతుంది. రెండెకరాలు, ఎకరంలో ఐదోవంతు. అంటే 88 గుంటలు. ఉండాల్సింది 100. పన్నెండు గుంటలు గాలికి పోయాయి. గుంటకి 121 గజాలు, అంటే 1452 గజాలు. హైదరాబాద్‌లో రెండొందల గజాల ప్లాటు కోసం ఇరవయ్యేళ్ళు ఈఎంఐ కట్టే మనకి ఆ అంకె బాగానే అర్థమవుతుంది.

కూడికలు ఇంకా వింత. 1.25, 1.25 కలిపితే ఎక్సెల్ 2.50 అంటుంది. యాభై గుంటలన్నది అసలు లేదు. సరైన జవాబు 3.10. క్యూజీఐఎస్‌లో హెక్టారు ఉంది, ఎకరం ఉంది, సముద్రపు మైలు చదరం కూడా ఉంది. గుంట లేదు. అలాస్కా వాళ్ళకి, స్విట్జర్లాండ్ వాళ్ళకి గుంట ఎందుకు తెలియాలి? అది మనం రాయాల్సిన ప్లగిన్. పైథాన్‌లో పాతిక లైన్లు ఉంటుందేమో.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మీటర్లలో కొలవడానికి భూమిని యూటీఎం జోన్లుగా కోస్తారు. 43, 44 జోన్ల మధ్య గీత సరిగ్గా 78 డిగ్రీల రేఖాంశం. అది పాత ఆదిలాబాద్ జిల్లాని చీల్చుకుంటూ పోతుంది. బాసర, భైంసా 43లో, నిర్మల్, ఆదిలాబాద్ 44లో. భైంసా చేనుకి పొరపాటున 44 అని రాస్తే అది ఆరు డిగ్రీలు తూర్పుకి, ఒడిశాలో తేలుతుంది. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. 2011 జనాభా లెక్కలేమో పాత జిల్లాతో ఉన్నాయి. రెంటినీ కలపాలంటే మండలాల పట్టిక కావాలి. ఇక షేప్‌ఫైల్లో కాలమ్ పేరుకి పది బైట్లే చోటు. తెలుగు అక్షరం యూనికోడ్‌లో మూడు బైట్లు తింటుంది. 'ఆదిలాబాద్' అని రాస్తే మిగిలేది 'ఆది'. జియోప్యాకేజ్ వాడితే ఈ బాధ లేదు, కానీ ఆ సంగతి సర్వే చేసేవాడికి ఎవరు చెబుతారు?

ఇన్‌స్టాల్ చెయ్యడం సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఒక్క నొక్కుతో దిగుతుంది అన్నది నెట్ ఉన్నవాడి మాట. నెట్ అందని గూడెంలో ఆ జాబితా ఖాళీగా కనబడుతుంది. అక్కడ పనికొచ్చేది పెన్‌డ్రైవ్. 3.0 నుంచి ప్లగిన్ మేనేజర్‌లోనే జిప్ నుంచి ఇన్‌స్టాల్ చేసే వీలుంది. ఒక కాలేజీ ల్యాబ్‌కి ఇరవై కంప్యూటర్లుంటే, ఒకదాంట్లో జిప్‌లు, ఆ పాత ఎక్స్‌ఎంఎల్ ఫైలు పెట్టి చిన్న సర్వర్ నడిపితే మిగతావన్నీ దాన్నుంచే తీసుకుంటాయి. ఫోన్‌లో క్యూఫీల్డ్ వేసుకుంటే చేను చుట్టూ నెట్ లేకుండానే నడిచి రావచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం మరవకండి. ప్లగిన్ అంటే మీ కంప్యూటర్ మీద పూర్తి అధికారంతో నడిచే ఎవరిదో కోడు, పెన్‌డ్రైవ్‌లో వచ్చింది కదా అని కళ్ళు మూసుకుని వెయ్యకండి. రెండు, బయటి పైథాన్ లైబ్రరీలు అడిగే ప్లగిన్ రాస్తే నెట్ లేనిచోట అది లేవదు. ఉన్నవాటితోనే సర్దుకోండి.

మనవాళ్ళు ప్రపంచంలో సగం కంపెనీలకి కోడు రాస్తున్నారని గర్వంగా చెప్పుకుంటాం. మంచిదే. కానీ గుంట లెక్క తెలిసిన ప్రోగ్రామర్లు ఉన్నది మన దగ్గరే. 2.20 చూసి రెండున్నర అని చదవగలిగినవాడు ఆ పాతిక లైన్లు రాయకపోతే ఇంకెవరూ రాయరు. రాసి, ఉట్నూరులో ఒక కుర్రాడి పాత ల్యాప్‌టాప్ మీద, నెట్ లేకుండా, జిప్‌తో ఎక్కించి చూడండి. అక్కడ లేస్తే మీ ప్లగిన్ పూర్తయినట్టు.