మెంటవాయ్ దీవులు

మెంటవాయ్ దీవులు ఇండోనేషియాలోని సుమత్రాకు పశ్చిమంగా సుమారు 150 కి.మీ. దూరంలో, హిందూ మహాసముద్రంలో ఉన్న ద్వీప సమూహం. సిబెరుట్, సిపోరా, ఉత్తర పగాయ్, దక్షిణ పగాయ్ వీటిలో ముఖ్యమైనవి. 1999లో ఇవి పశ్చిమ సుమత్రా రాష్ట్రంలో ప్రత్యేక జిల్లాగా ఏర్పడ్డాయి. జిల్లా కేంద్రం సిపోరాలోని తువాపెజాత్. పగడపు దిబ్బలపై విరిగిపడే కెరటాలకు, ప్రాచీన ఆచారాలకు ఈ దీవులు ప్రసిద్ధి చెందాయి.

సర్ఫింగ్

హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో తుఫానుల వలన పుట్టిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి ఈ దీవులను చేరతాయి. లోతైన నీటి నుండి ఒక్కసారిగా పగడపు దిబ్బలపైకి రావడం వలన అవి నిట్టనిలువుగా లేచి, గొట్టం ఆకారంలో చుట్టుకొని విరుగుతాయి. నీటి అడుగున దిబ్బలు పదునుగా ఉండుటచే పడిపోయినవారికి గాయాలవుతాయి. ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు అనుకూల కాలం. సిపోరాలోని లాన్సెస్ రైట్ అనే కెరటానికి 1991లో అక్కడికి వచ్చిన ఆస్ట్రేలియా సర్ఫర్ లాన్స్ నైట్ పేరు వచ్చింది. యాత్రికులు సాధారణంగా పడాంగ్ రేవు నుండి పడవలలో వస్తారు. వీరిలో చాలామంది పడవలలోనే భోజనం, బస చేయడం వలన ఆదాయం గ్రామస్థులకు అందడం లేదనే అసంతృప్తి ఉన్నది.

ఆచారాలు

స్థానికుల సంప్రదాయ మతం అరాత్ సబులుంగాన్. దీని ప్రకారం మనుషులకే గాక చెట్లకు, జంతువులకు, వస్తువులకు కూడా ఆత్మ కలదు. వంశం వారంతా కలిసే పెద్ద ఇంటిని ఉమా అంటారు. సికెరెయ్ అనే పూజారి వైద్యం కూడా చేస్తాడు. ఒంటినిండా పచ్చబొట్లు, అందం కొరకు పళ్ళను మొనదేర్చుకోవడం వీరి ఆచారాలు. సాగో చెట్టు బోదె నుండి తీసిన పిండి, చేమదుంపలు ముఖ్య ఆహారం.

1954లో ప్రభుత్వం ఈ మతాన్ని నిషేధించి, గుర్తింపు పొందిన మతాలలో చేరవలసిందిగా ఆదేశించింది. పూజా వస్తువులను తగులబెట్టారు. నేడు అధిక సంఖ్యాకులు క్రైస్తవులు. అయినా సిబెరుట్ లోపలి అడవి గ్రామాలలో పాత ఆచారాలు నిలిచి ఉన్నాయి.

2010 సునామీ

2010 అక్టోబరు 25 రాత్రి 7.7 తీవ్రతతో భూకంపం సంభవించింది. ప్రకంపనలు బలంగా అనిపించకపోవడంతో చాలామంది ఎత్తైన ప్రదేశాలకు వెళ్ళలేదు. తరువాత వచ్చిన సునామీలో 400 మందికి పైగా మరణించారు. పగాయ్ దీవులు ఎక్కువగా నష్టపోయాయి. ఉత్తర పగాయ్‌లోని మకరోనీస్ వద్ద సర్ఫింగ్ యాత్రికుల పడవ ఒకటి దగ్ధమైనా, అందులోనివారు ప్రాణాలతో బయటపడ్డారు.