జైలుకెళ్ళిన కౌన్సిల్

తూర్పు లండన్‌లోని కెనరీ వార్ఫ్ పేరు మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు తెలుసు. అక్కడి అద్దాల మేడల్లో, బ్యాంకుల కంప్యూటర్ల ముందు మన పిల్లలు చాలామంది కూర్చుంటారు. నేనూ అక్కడే పనిచేస్తాను. ఆ మేడలకు ఉత్తరాన, నడిచి వెళ్ళేంత దూరంలో పాప్లర్ ఉంది. హేల్ స్ట్రీట్‌లో ఒక గోడ మీద 1921 నాటి సంగతి బొమ్మలుగా గీసి పెట్టారు. ఆ ఏడాది పాప్లర్ కౌన్సిలర్లు 30 మంది జైలుకు వెళ్ళారు. పేదలకయ్యే ఖర్చును పేదలుండే పేట ఒక్కటే మోయడం అన్యాయమని ఎదురుతిరిగినందుకు వెళ్ళారు.

సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు చాలామంది అడుగుతుంటారు, అక్కడ ఉద్యోగం పోతే ప్రభుత్వమే డబ్బిస్తుందట కదా, ముసలివాళ్ళను ఇంటికొచ్చి చూసుకుంటారట కదా అని. చాలావరకు నిజమే. కానీ డబ్బున్న దేశం కాబట్టి ఇస్తోందన్న నమ్మకం ఆ ప్రశ్నలో ఉంటుంది. అది సరికాదు. బ్రిటన్ ప్రపంచంలో చాలా భాగాన్ని దోచుకుని తులతూగిన రోజుల్లోనే ఇక్కడి పేదలు నరకం చూశారు. ఇప్పుడున్న సాయం కొట్లాడి తెచ్చుకున్నది.

1601లో, ఎలిజబెత్ రాణి కాలంలో, ఒక చట్టం వచ్చింది. ప్రతి పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు, తన పేదలను తానే పోషించుకోవాలి. అందుకు ఊళ్ళో ఇళ్ళూ పొలాలూ ఉన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేయాలి. ఆ కాలానికి అది గొప్ప ఏర్పాటే. మరి ఎవరిని తన పేదలుగా లెక్కపెట్టాలి? దానికి 1662లో ఇంకో చట్టం చేశారు. కొత్తగా వచ్చి, ఏడాదికి 10 పౌండ్లలోపు అద్దె ఇంట్లో దిగిన మనిషి రేపు తమకు భారమవుతాడనిపిస్తే 40 రోజుల్లోగా ఫిర్యాదు చేసి అతని సొంత పారిష్‌కు తిప్పి పంపవచ్చు. పెళ్ళికాని గర్భిణులనైతే పురుడు రాకముందే పొలిమేర దాటించేవారు. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డ బాధ్యత పుట్టిన చోటిదే అవుతుంది మరి.

1834 చట్టం ఇంకా కఠినం. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళకు సాయం కావాలంటే ఇల్లు వదిలి, పేదలతో పనిచేయించి తిండిపెట్టే వర్క్‌హౌస్‌లో చేరాలన్నారు. లోపలి బతుకు, బయట అందరికంటే తక్కువ కూలీకి పనిచేసేవాడి బతుకు కంటే హీనంగా ఉండాలన్నది దాని వెనుక సూత్రం. భర్త ఒక వైపు, భార్య ఒక వైపు, పిల్లలు ఇంకో వైపు. పాప్లర్ వర్క్‌హౌస్‌లో చేరి తల్లికి దూరమైన పసివాళ్ళలో విల్ క్రూక్స్ ఒకడు. పెద్దయ్యాక అదే వర్క్‌హౌస్‌ను నడిపే గార్డియన్ల బోర్డుకు ఎన్నికై, 1897లో దానికి ఛైర్మన్ అయ్యాడు. ఆ బోర్డులో అతని తోటివాడు జార్జ్ లాన్స్‌బరీ. అక్కడ పెట్టే అంబలిలో నల్లగా తేలుతున్నవి ఏమిటని చూస్తే ఎలుక పెంటికలని తేలిందని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ఇద్దరూ అక్కడి తిండిని మార్పించారు.

వర్క్‌హౌస్ బాగుపడినా లెక్క మారలేదు. అప్పటి లండన్‌లో 28 బరోలు, అంటే సొంత కౌన్సిల్ ఉన్న పేటలు, ఉండేవి. పాప్లర్ వాటిలో ఒకటి. కొన్ని ఖర్చులు పంచుకోవడానికి ఉమ్మడి నిధి ఒకటి ఉన్నా, వర్క్‌హౌస్‌లో చేరకుండా ఇళ్ళ దగ్గరే ఉండి సాయం తీసుకునేవాళ్ళ భారం మాత్రం ఏ బరోది ఆ బరోదే. పాప్లర్ జనానికి రేవుల్లో కూలే ఆధారం. మన ఊళ్ళ అడ్డా కూలీల్లాగే తెల్లవారుతూనే రేవు గేట్ల ముందు నిలబడాలి. మేస్త్రీ పిలిస్తే పని, లేకపోతే పస్తు. ఇళ్ళు చిన్నవి, అద్దెలు తక్కువ. ఇంటి పన్ను అద్దె విలువను బట్టి వేస్తారు కాబట్టి ఎంత రేటు వేసినా వచ్చేది కొంచెమే. వెస్ట్‌మినిస్టర్‌లో భవంతులు ఎక్కువ, సాయం అడిగేవాళ్ళు తక్కువ. అక్కడ కొద్దిపాటి రేటుకే ఖజానా నిండేది. పాప్లర్ కూలీ చెల్లించే పన్ను పాప్లర్‌లోనే పనిలేని ఇంకో కూలీకి పోయేది. ఆ రేవుల్లో దిగిన సరుకుతో కోటీశ్వరులైనవాళ్ళు ఊరికి ఆ చివరన ఉండేవారు, వాళ్ళకు ఈ భారం అంటేది కాదు.

1919 ఎన్నికల్లో పాప్లర్‌లోని 42 స్థానాల్లో 39 లేబర్ పార్టీ గెలిచింది. కౌన్సిల్ ఉద్యోగులకు ఆడా మగా తేడా లేకుండా వారానికి కనీసం 4 పౌండ్ల జీతం పెట్టారు. 1921లో మాంద్యం వచ్చి రేవులు వెలవెలబోయాయి. పన్ను ఇంకా పెంచితే జనం భరించలేరు, సాయం తగ్గిస్తే బతకలేరు. అప్పుడు కౌన్సిల్ ఒక నిర్ణయం తీసుకుంది. లండన్ మొత్తానికి చెందిన నాలుగు సంస్థలకు, అంటే లండన్ కౌంటీ కౌన్సిల్‌కు, పోలీసుకు, నీటి బోర్డుకు, ఆసుపత్రుల బోర్డుకు కట్టాల్సిన వాటాను వసూలు చేయం అన్నారు. కోర్టు పిలిచింది. జులై 29న మేళతాళాలతో ఊరేగింపుగా హైకోర్టుకు నడిచారు. సెప్టెంబరులో అరెస్టులు జరిగాయి. మగవాళ్ళను బ్రిక్స్‌టన్ జైలుకు, ఐదుగురు ఆడవాళ్ళను హాలోవే జైలుకు పంపారు. ఆ ఐదుగురిలో నెల్లీ క్రెసల్ అప్పటికి గర్భిణి.

జైల్లో కూడా కౌన్సిల్ పని ఆగలేదు. ఆడవాళ్ళను బ్రిక్స్‌టన్‌కు తీసుకొచ్చి అక్కడే సమావేశాలు జరిపారు. బయట జనం గుమిగూడితే, జైలుకెళ్ళిన కౌన్సిలర్లలో ఒకడైన లాన్స్‌బరీ కిటికీ ఊచల్లోంచి మాట్లాడేవాడు. బెత్నల్ గ్రీన్, స్టెప్నీ బరోలు కూడా అదే దారి పట్టేసరికి ప్రభుత్వం దిగొచ్చింది. అక్టోబరు 12న కౌన్సిలర్లను వదిలేశారు. ఆ ఏడాదే చట్టం మార్చి, ఇళ్ళ దగ్గర ఇచ్చే సాయం ఖర్చును లండన్ అంతా పంచుకునేలా చేశారు.

వీళ్ళలో నాకు మిన్నీ లాన్స్‌బరీ మీద ప్రత్యేకమైన గౌరవం. వలస వచ్చిన యూదు కుటుంబపు కూతురు, బడిపంతులమ్మ, జార్జ్ లాన్స్‌బరీకి కోడలు. జైలు నుంచి వచ్చిన కొద్ది నెలలకే, 1922 జనవరి 1న, 32 ఏళ్ళకే న్యుమోనియాతో చనిపోయింది. బో రోడ్డులో ఒక భవనానికి ఆమె పేరుతో గడియారం ఉంది. వలస వచ్చినవాళ్ళ బిడ్డ ఈ ఊరి పేదల కోసం జైలుకెళ్ళిందన్న సంగతి ఇక్కడి మన పిల్లలకు నేను తప్పకుండా చెబుతాను.

మనకూ ఆ పేటతో బంధం ఉంది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీజీ హోటళ్ళు కాదని, అదే బరోలోని బో ప్రాంతంలో ఉన్న కింగ్స్‌లీ హాల్‌లో దాదాపు మూడు నెలలున్నారు. దాన్ని చెల్లెలితో కలిసి నడిపిన మ్యూరియల్ లెస్టర్ అంతకుముందు పాప్లర్ కౌన్సిల్‌లో పనిచేసిన మనిషి. మదనపల్లె కళాశాల స్థాపించిన అనీబిసెంట్ తయారుచేయించిన భారత స్వపరిపాలన బిల్లును 1925లో బ్రిటిష్ పార్లమెంటులో పెట్టినది జార్జ్ లాన్స్‌బరీయే.

గార్డియన్ల బోర్డులు 1930లో రద్దయ్యాయి. పాత పేదల చట్టానికి 1948లో నూకలు చెల్లాయి. అప్పటి నుంచి నగదు సాయం కేంద్ర ప్రభుత్వానిది, మనిషిని చూసుకునే పని స్థానిక కౌన్సిల్‌ది. వృద్ధులకు ఇంటి దగ్గర సాయం, వికలాంగులకు ఆసరా, ఆపదలో ఉన్న పిల్లల రక్షణ, నిలువనీడ లేనివాళ్ళకు చోటు, ఇవన్నీ కౌన్సిల్ చూస్తుంది. 2010 తర్వాత కేంద్రం కౌన్సిళ్ళకిచ్చే నిధులను బాగా కోసింది. ఆ నిధుల మీదే ఎక్కువగా ఆధారపడిన పేద ప్రాంతాలకు దెబ్బ ఎక్కువ తగిలింది. 2013లో అత్యవసర సాయాన్ని కూడా కౌన్సిళ్ళకే వదిలేస్తే, కొన్ని చోట్ల ఆ పథకాలు మూతపడ్డాయి. పాప్లర్ వాళ్ళు జైలుకెళ్ళి సరిచేసిన లెక్కను మళ్ళీ తప్పుగా వేస్తున్నారనే నా అభిప్రాయం.

ఎవరు మన పేదలు అన్న 1662 నాటి ప్రశ్న కూడా తీరలేదు. చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ళ వీసాకు ఒక షరతు ఉంటుంది: ప్రభుత్వ నిధుల నుంచి సాయం పొందే హక్కు లేదు. ఆదాయపు పన్నూ కౌన్సిల్ పన్నూ కట్టే ఉద్యోగికి కూడా అంతే. పని పోయిన కుటుంబం ఎంత అవస్థలో ఉన్నా, ఆదాయం తక్కువైనవాళ్ళకిచ్చే భృతి అందదు. ఇది న్యాయం కాదు.

అయినా తలుపులన్నీ మూసుకోలేదు. 1989 నాటి పిల్లల చట్టం, తన ప్రాంతంలో ఆపదలో ఉన్న పిల్లల బాగు చూడడం ప్రతి కౌన్సిల్ బాధ్యత అంటుంది. ఆ బాధ్యతను బిడ్డ వీసాతో ముడిపెట్టలేదు. సిటిజన్స్ అడ్వైస్ కేంద్రాల్లో సలహాకు డబ్బు తీసుకోరు. భర్త హింస భరించలేక బయటికొచ్చిన ఆడవాళ్ళకు సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ 1979 నుంచి అండగా ఉంది. పిల్లలను ఇక్కడికి పంపే తల్లిదండ్రులారా, ఈ సంగతులు వాళ్ళకు బయలుదేరేముందే చెప్పండి. కష్టమొస్తే పరువుపోతుందని గదిలో తలుపేసుకుని కూర్చోవద్దని, వెళ్ళి అడగమని చెప్పండి.