పెనుకొండ బురుజులు చెప్పే పాఠము

సముద్రతీరమున కట్టిన ఫిరంగి దిబ్బను చూచినవారికి ఒక సంగతి వెంటనే తోచును. దాని ముఖము ఎల్లప్పుడు నీటివైపే ఉండును. శత్రువు వచ్చే దారి సముద్రమే గనుక ఫిరంగి చూపు కూడా అటే. విశాఖపట్నం రేవు దగ్గర ఒక ప్రదేశమునకు "కోస్టల్ బ్యాటరీ" అనే పేరు ఈనాటికీ వాడుకలో ఉన్నది. సముద్రమునకు ఎంతో దూరమైన రాయలసీమలో ఇట్టి సూత్రమునే పరిశీలింపదలచినవారు పెనుకొండ కొండ యెక్కవలెను. ఇక్కడ సముద్రము లేదు. దాని స్థానములో విశాలమైన మైదానము, దానిమీదుగా పోయే దారులు ఉన్నవి. నాడు ఆ దారులవెంట దండ్లు వచ్చినవి. నేడు బెంగుళూరు రహదారి, రైలుమార్గము పోవుచున్నవి.

పెనుకొండ అంటే పెద్ద కొండ. సంస్కృతములో దీనికి ఘనగిరి అని పేరు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటినుండి ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఉత్తరపు ద్వారమును యెర్రమంచి గేటు అంటారు. అక్కడ నిలువెత్తును మించిన ఆంజనేయ విగ్రహము కలదు. బుక్కరాయలు తన కుమారుడు వీర విరూపణ్ణ ఒడయరుకు ఈ రాజ్యమును అప్పగించినట్లును, అతని కాలమున కోట కట్టినట్లును 1354 నాటి శాసనము తెలుపుచున్నది.

ఆ సంవత్సరమును గుర్తుంచుకొనవలెను. దక్కనులో పెద్ద ఫిరంగులు ప్రబలినది దానికి చాలాకాలము తరువాతనే. అనగా ఈ కోట మొదట బాణములు, ఈటెలు, నిచ్చెనలు, ఏనుగులు ఎదురుపడునని తలచి కట్టినది. తరువాత వచ్చిన ఫిరంగికి అది ఎట్లు నిలిచినది? మన ప్రశ్న ఇదే.

1565 జనవరిలో జరిగిన తళ్ళికోట యుద్ధములో ఫిరంగి బలము తేటతెల్లమైనది. అహమ్మదునగరు ఫిరంగులకు అధిపతియైన రూమీఖాను గొట్టములలో రాగి నాణెముల సంచులు కూరి, దగ్గరకు వచ్చిన విజయనగర సైన్యముపై పేల్చినాడని ఫెరిష్తా వ్రాసినాడు. నేడు బిజాపూరులో ఉన్న మాలిక్-ఎ-మైదాన్ అనే ఫిరంగిని కూడా 1549లో అహమ్మదునగరులోనే పోతపోసినారు. దాని బరువు సుమారు 55 టన్నులు. అళియ రామరాయలు మరణించగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరమును విడిచి పెనుకొండను రాజధానిగా చేసికొన్నాడు. మిగిలిన రాజ్యము నిలుచుటా, పోవుటా అన్నది ఈ కొండమీద ఆధారపడినది.

ఫిరంగిలో పనిచేసే శక్తి ఏది? తుపాకిమందులో సుమారు నూటికి 75 పాళ్ళు సురేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము ఉండును. బొగ్గు, గంధకము మండుటకు కావలసిన ప్రాణవాయువును సురేకారమే ఇచ్చును. అందుచేత మూసిన గొట్టములో కూడా మందు మండి, క్షణములో వేడి వాయువులు పుట్టి గుండును ముందుకు తోయును.

ఇక ఎత్తువలన లాభమెంతో విద్యార్థులు లెక్కకట్టవచ్చును. సెకనుకు 200 మీటర్ల వేగముతో గుండు అడ్డముగా బయలుదేరినదనుకొందము. గొట్టము నేలకు 2 మీటర్ల ఎత్తున ఉంటే గుండు 0.64 సెకనులో నేలను తాకును. ఆలోపల 128 మీటర్లు పోవును. గొట్టము 200 మీటర్ల ఎత్తున ఉంటే నేల తాకుటకు 6.4 సెకనులు పట్టును. గుండు 1,280 మీటర్లు పోవును. ఎత్తు నూరు రెట్లయితే దూరము పది రెట్లయినది. ఇది గాలి నిరోధమును విడిచిపెట్టి వేసిన లెక్క. నిజముగా దూరము కొంత తగ్గును. క్రిందనున్న ఫిరంగికి ఈ సౌకర్యము లేదు. దాని గుండు భూమ్యాకర్షణకు ఎదురీదుచు పైకి పోవలెను.

కాని ఎత్తులో ఒక లోపము కూడా ఉన్నది. శత్రువు కొండ పాదమునకు చేరినచో ఫిరంగి గొట్టమును అంత క్రిందికి వంచుట కష్టము; గుండు ముందుకు జారును, బండి వెనుకకు సరిగా తన్నదు. సముద్రతీరమున ఉన్న జిబ్రాల్టరు కొండలో ఆంగ్లేయులకు కూడా ఇదే చిక్కు వచ్చినది. 1782లో కోహ్లర్ అనే సైనికాధికారి గొట్టము క్రిందికి వంగే కొత్త ఫిరంగి బండిని చేసి దానిని తీర్చినాడు. అట్టి బండి లేనిచోట గోడనుండి ముందుకు పొడుచుకొని వచ్చిన బురుజులే దిక్కు. ఒక బురుజుమీది భటులు ప్రక్క బురుజు పాదమును కాపాడుదురు. కోట చుట్టు తిరిగేటప్పుడు ఒక బురుజుపై నిలిచి, తరువాతి బురుజు అడుగు కనబడుచున్నదో లేదో చూడండి. కట్టినవారి ఆలోచన అప్పుడు బోధపడును.

అయితే కోటను కాపాడినవి రాయి, మందు మాత్రమే కావు. 1576లో బిజాపూరు సైన్యము ముట్టడించినప్పుడు శ్రీరంగరాయలు చంద్రగిరికి పోగా, సేనాని చెన్నప్ప కోటను నిలిపినాడు. 1580ల చివర గోల్కొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్షా వచ్చినప్పుడు వేంకటపతిరాయలు మొదట సంధి మాటలు సాగించినాడు. సుల్తాను సైన్యము కొంత వెనుకకు తగ్గినది. ఆ కొద్ది దినములలోనే కోటలోనికి ధాన్యము, మందుగుండు చేరినవి. జగదేవరాయలు తుపాకీ భటులతో వచ్చి ప్రవేశించినాడు. ముట్టడి మరల మొదలైనది గాని వానకాలము ముంచుకొని వచ్చినది. కృష్ణ పొంగితే గోల్కొండకు దారి తెగునని సుల్తాను మరలిపోయినాడు. ఈ కథను వ్రాసినవారు గోల్కొండ పక్షపు చరిత్రకారులే గనుక దీనికి విలువ ఎక్కువ. ఎక్కడో ఉత్తరముననున్న నది వరద పెనుకొండకు అగడ్త అయినది!

తరువాత రాజధాని చంద్రగిరికి మారినది. పెనుకొండ బిజాపూరు, గుత్తి మురారిరావు, మైసూరు పాలకుల చేతులు మారి, 1800లో దత్తమండలములతోపాటు ఈస్టిండియా కంపెనీకి చేరినది. ఆపైన ఫిరంగులకు పని లేకపోయినది.

ప్రతి కోటా తెలిసిన ఆయుధమునకే కట్టబడును. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినప్పుడు శత్రువు సముద్రముపైననే గాక ఆకాశమునుండి కూడా వచ్చునని తీరవాసులకు తెలిసినది. పెనుకొండ మాత్రము బాణముల కాలమున పుట్టి ఫిరంగుల కాలమున కూడా నిలిచినది. అందుకు కారణము గోడ ఒక్కటే కాదు. కొండ, గింజలు, వాన, సమయము ఎరిగిన మనుష్యులు కూడా కారణమే.

యెర్రమంచి దగ్గర 2019లో కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. చుట్టుప్రక్కల భూమి రూపు మారుచున్నది. గోడనుండి ఊడిన ఒక్క రాయిని తీసికొనిపోయినా మరి కొన్ని రాళ్ళు సడలును. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను తీసికొనిపోయి, ఒక్కొక్క తరగతిచేత ఒక్కొక్క బురుజును కొలిపించి, పటము గీయించి పాఠశాలలో భద్రపరచిన ఎడల రేపటివారికి అది సాక్ష్యమగును. కొలిచిన రాయిని పిల్లలు పెకలించరు.