రాడార్ బొమ్మకి వయసెంత?

గ్లైడర్ అంటే ఇంజన్ లేని విమానం. ఎక్కువగా ఇంకో విమానం తాడు కట్టి పైకి లాక్కెళ్ళి వదిలేస్తుంది, అక్కడినుంచి పైలట్ తిప్పలు పైలట్‌వే. మిట్టమధ్యాహ్నం గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం చూసే ఉంటారుగా, సరిగ్గా అదే పని. ఎండకి కాగిన నేల మీంచి లేచే గాలిని (థర్మల్ అంటారు) పట్టుకుని పైకెక్కాలి. దొరికితే వందల కిలోమీటర్లు పోవచ్చు. దొరక్కపోతే ఎవరి చేలోనో దిగి, ఆ రైతుకి సంజాయిషీ చెప్పుకోవాలి.

మరి ఇప్పుడు అందరి జేబుల్లోనూ రాడార్ చూపించే యాప్ ఉంది కదా, గ్లైడర్ వాళ్ళకి పండగేగా అనిపిస్తుంది ఎవరికైనా. నాకైతే ఈ సంగతి చదివేకొద్దీ మన సాఫ్ట్‌వేర్ కష్టాలే గుర్తొచ్చాయి. వాళ్ళకి కావల్సింది ఒకటి, రాడార్ కొలిచేది ఇంకొకటి. ఇది అర్థం కావాలంటే ఓ వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1926 ఆగస్టు 12, జర్మనీలో వాసర్‌కుప్పే అనే కొండ. అప్పటికి గ్లైడర్ వాళ్ళు చేసేదల్లా కొండకి తగిలి పైకి లేచే గాలి మీద అటూ ఇటూ తిరగడమే. ఆ రోజు మాక్స్ కెగెల్ అనే ఆయన్ని ఓ ఉరుముల మేఘం లోపలికి లాగేసుకుంది. పిడుగుల మధ్య నుంచి ఎలాగో బతికి బయటపడి, బయల్దేరిన చోటికి 55 కిలోమీటర్ల దూరంలో దిగాడు. ఆ రోజుల్లో అది మామూలు దూరం కాదు. జనం ఆయనకి 'ఉరుముల మాక్స్' అని పేరు పెట్టేశారు. మేఘం కింద బోలెడంత శక్తి ఊరికే పడి ఉందని, అది చంపేయనూ గలదని గ్లైడర్ లోకానికి ఒకేసారి తెలిసొచ్చింది.

రాడార్ కథ వేరే దారిలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాల కోసం చూస్తుంటే తెర మీద వానజల్లులు కనబడి చికాకు పెట్టేవి. వాళ్ళకది నాయిస్. యుద్ధం అయ్యాక వాతావరణ శాస్త్రవేత్తలు ఆ నాయిస్‌నే డేటాగా పట్టుకున్నారు. (అన్నట్టు, మన దేశంలో తుఫాన్ల కోసం మొదటి ఎస్-బ్యాండ్ రాడార్ పెట్టింది 1970లో, మన విశాఖపట్నంలోనే.)

రెండు దారులూ కలిసింది అమెరికాలో. 1946లో ఫ్లోరిడా, 1947లో ఒహాయో. షికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ హొరేస్ బయర్స్ నాయకత్వంలో థండర్‌స్టార్మ్ ప్రాజెక్ట్ అని ఒకటి నడిపారు. యుద్ధంలో మిగిలిన పి-61 బ్లాక్ విడో విమానాల్ని ఒకదాని మీద ఒకటిగా, ఐదేసి వేల అడుగుల తేడాతో, నేల మీది రాడార్ దారి చూపిస్తుంటే, కావాలనే ఉరుముల మేఘాల్లోకి తోలారు. ఒకసారీ రెండుసార్లూ కాదు, 1300 సార్లకి పైగా! గ్లైడర్లని కూడా వాడుకున్నారు. గాలి ఎంత వేగంగా లేస్తోందో కొలవడానికి అంతకన్నా మంచి పరికరం ఏముంది?

అందులో తేలింది ఏంటంటే, ఇలాంటి మేఘం జీవితం మూడు దశలు. మొదట గాలి పైకే పోతుంది. తర్వాత వాన మొదలై, పైకి లేచే గాలీ కిందకి పడే గాలీ పక్కపక్కనే ఉంటాయి. చివర్లో అంతా కిందకే. గ్లైడర్‌కి కావల్సింది మొదటి దశ. రాడార్‌కి బాగా కనబడేది రెండోది, మూడోది.

ఎందుకో లెక్క చూడండి. రాడార్‌కి తిరిగొచ్చే ప్రతిధ్వని చుక్క వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. చుక్క రెండింతలైతే 64 రెట్లు. మేఘంలోని తుంపర కన్నా వాన చుక్క వ్యాసం సుమారు వంద రెట్లు ఎక్కువ, అంటే చుక్కకి చుక్క లెక్కేస్తే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. అప్పుడే పొంగుతున్న మేఘం యాప్‌లో ఖాళీ ఆకాశంలా కనబడటంలో వింతేముంది?

ఆ 'ఖాళీ'లో ఏం జరగొచ్చో 2007లో తెలిసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియాలో మనిల్లా ఊరి దగ్గర, జర్మనీ పారాగ్లైడర్ ఎవా విష్నియెర్స్కా పెరుగుతున్న రెండు ఉరుముల మేఘాల మధ్య చిక్కుకుంది. పావుగంటలో ఎవరెస్ట్ దాటి 9946 మీటర్లకి వెళ్ళిపోయింది. స్పృహ తప్పింది, ఒళ్ళంతా మంచు గడ్డకట్టింది, అయినా బతికి కిందకి దిగింది. అదే రోజు అక్కడే ఎగిరిన చైనా పైలట్ హె జోంగ్‌పిన్ బతకలేదు. పెరిగే మేఘానికి పావుగంట అంటే ఎంతో ఈ అంకె చెబుతుంది.

ఇప్పుడు మన సబ్జెక్ట్ :) లేటెన్సీ. అమెరికాలో 1990ల్లో నెక్స్‌రాడ్ అనే డాప్లర్ రాడార్లు పెట్టారు. వానలప్పుడు ఒక్కో రాడార్ ఆకాశాన్ని ఒక చుట్టు చూడటానికి సుమారు 4 నుంచి 6 నిమిషాలు పడుతుంది. తర్వాత అన్ని రాడార్ల బొమ్మలూ కలిపి కుట్టి ఒకే మొజాయిక్ చేసి పైలట్ల తెర మీదకి పంపిస్తారు. ఆ తెర మీద వేసే 'వయసు' ఉందే, అది రాడార్ చూసిన క్షణం నుంచి లెక్కేసింది కాదు, బొమ్మ కుట్టిన క్షణం నుంచి లెక్కేసింది! అక్కడ దర్యాప్తులు చేసే ఎన్.టి.ఎస్.బి. 2012 జూన్‌లో ఈ మాటే హెచ్చరించింది: తెర చెప్పే వయసు కన్నా అసలు బొమ్మ ఒక్కోసారి 15, 20 నిమిషాలు పాతది కావచ్చని.

ఇది చదివి నాకు మా ప్రొడక్షన్ డాష్‌బోర్డే కళ్ళముందు ఆడింది. అన్నీ పచ్చగా ఉంటాయి, పక్కన 'లాస్ట్ అప్డేటెడ్: ఇప్పుడే' అని ఉంటుంది, ఫోన్‌లో క్లయింట్ మాత్రం అరుస్తుంటాడు. అప్డేట్ అయింది పేజీ, డేటా కాదు. మనకైతే మహా అయితే ఓ శనివారం పోతుంది.

అలాగని రాడార్ యాప్ పనికిరాదని కాదు. బయల్దేరే ముందు గంటసేపటి బొమ్మల్ని వరసగా తిప్పి చూస్తే వానలు ఎటు కదులుతున్నాయో, ఎంత తొందరగా పుడుతున్నాయో తెలుస్తుంది. ఉరుముల మేఘం లోంచి కిందకి పడి నేల మీద పరుచుకునే చల్లగాలి అంచు కూడా ఒక్కోసారి రాడార్‌లో సన్నటి గీతలా కనబడుతుంది. అక్కడ రాడార్ చూసేది చాలావరకు గాలికి కొట్టుకొచ్చిన పురుగుల్ని! ఎటు వెళ్ళాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్న లెక్కకి ఇవన్నీ బంగారం. రెండు మేఘాల మధ్య సందు చూసుకుని దూరడానికి మాత్రం కాదు.

బలమైన ఉరుముల మేఘానికి కనీసం 20 మైళ్ళు, అంటే 32 కిలోమీటర్లు, దూరంగా ఉండమంటుంది అమెరికా విమానయాన శాఖ ఎఫ్.ఏ.ఏ. మేఘం గంటకి 50 కిలోమీటర్ల చొప్పున మీ వైపే కదులుతోందనుకోండి, చేతిలోని బొమ్మ 20 నిమిషాల పాతదనుకోండి. 17 కిలోమీటర్లు, ఆ దూరంలో సగం పైన, మీరు తెర చూసేసరికే అయిపోయాయి.