తల్లి నోరు – బిడ్డ పన్ను



నేడు నేను చెప్పబోవునది రాజుల చరిత్రము కాదు, కోటల చరిత్రము కాదు, పాలపంటి చరిత్రము. మన మధిర ప్రాంతపు పల్లెలలో రెండేండ్ల బిడ్డ నవ్వినపుడు ముందరి పండ్లు నల్లబడి, అరిగి, మొదళ్లు మాత్రమే మిగిలియుండుట మీలో పలువురు చూచియుందురు. "పాలపండ్లే కదా, ఊడి మరల వచ్చును" అని మనము ఊరకుందుము. ఆ బిడ్డ అన్నము నమలలేదు, రాత్రి నిదురపోలేదు. ఈ కీడునకు మూలమెక్కడనో తెలియుటకు లోకమునకు వేల యేండ్లు పట్టినది.

పంటిలో పురుగు చేరి తొలుచునని పూర్వులు నమ్మిరి. ఆ పురుగును వెడలగొట్టు మంత్రము బాబిలోను దేశపు మట్టిపలకలపై నున్నది. మన సుశ్రుతుడును ఈ రోగమునకు క్రిమిదంతకమని పేరిడెను. అయితే ఆయన అంతటితో ఆగక, ప్రతిదినము పుల్లతో దంతధావనము చేయవలెనని విధించెను. నా చిన్ననాట సంతలో కూర్చుండి, దూదిమీద పంటిపురుగును తీసి చూపెడివారుండిరి. పురుగు కనబడెడిది, నొప్పి మాత్రము నోటనే నిలిచెడిది.

1683లో హాలెండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తన పంటిపాచిని అద్దము క్రింద నుంచి, అందు కదలాడు సూక్ష్మజీవులను చూచెను. 1728లో ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు ఫొషార్ పంటిపురుగు మాటను నిరాకరించి, తీపి పండ్లకు చేటని వ్రాసెను. 1890లో మిల్లర్ అను పండితుడు అసలు మర్మమును విప్పెను: నోటిలోని సూక్ష్మజీవులు తీపిని పులియబెట్టును, ఆ పులుపు పంటిని కరగించును. 1924లో లండనులో క్లార్క్ అట్టి జీవులలో ముఖ్యమైనదానిని గుర్తించి పేరిడెను.

ఇక 1960లో అమెరికాలో కీస్ చేసిన పరీక్ష వినుడు. హ్యామ్‌స్టరు అను ఎలుకజాతి జంతువులలో తల్లులకు మందిచ్చి వాని నోటి సూక్ష్మజీవులను అణచగా, పిల్లలకు తీపి పెట్టినను పండ్లు పుచ్చలేదు. పుచ్చుపండ్లుగల వానితో కలిపి యుంచగనే పుచ్చుట మొదలిడెను. అనగా ఈ రోగము తల్లి నోటినుండి బిడ్డ నోటికి సంక్రమింపగలదు. తరువాత స్వీడను దేశమున తల్లుల నోటిని బాగుచేసి చూడగా, బిడ్డలకు ఆ సూక్ష్మజీవులు ఆలస్యముగా సోకినవి, పుచ్చుటయు తగ్గినది.

సూక్ష్మజీవి యొకటి, తీపి రెండవది. 1889లో నిజాము రైలుమార్గము బెజవాడ చేరెను. మన మధిర స్టేషను ఆ దారిలోనిదే. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. పండుగనాటి తీపి క్రమముగా ప్రతిదినపు తీపియైనది. బెల్లమైనను ఇందుకు మినహాయింపు కాదు.

ఇప్పుడు నా యింటి తప్పును చెప్పుకొందును. మా కోడలు అయిదవ నెలలో నుండగా దవడపన్ను పుచ్చి నొప్పి పెట్టినది. వైద్యుని చూపింతునని మా అబ్బాయి అనగా, "కడుపుతోనున్న పిల్లకు పన్ను కదలింపరాదు" అని అడ్డుపడినవాడను నేనే. ఆ పిల్ల లవంగము నోట నుంచుకొని, ఉప్పునీరు పుక్కిలించి, నాలుగు నెలలు ఓర్చుకొన్నది. మనుమడు పుట్టెను. రాత్రివేళ పాలసీసాలో చక్కెర వేసినవారము మేమే. అన్నము నమిలి పెట్టినది మా యింటి ముసలివారే. రెండవ యేట వాని పై పండ్లు నాలుగును నల్లబడెను. వీనిలో ఏది ఎంత కారణమో తూచి చెప్పజాలను. తల్లి నొప్పిని, బిడ్డ ఏడ్పును కన్నులార చూచితిని.

మన పెద్దలను నిందింపను. వారి కాలమున దంతవైద్యుడు దుర్లభుడు. భారతదేశమున మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో రఫీయుద్దీన్ అహమ్మద్ నెలకొల్పెను. దంతవైద్యుల చట్టము 1948లో వచ్చెను. నేడట్లు కాదు. గర్భిణికి పన్ను బాగుచేయించుట తగును. నాలుగవ నెల మొదలు ఆరవ నెల వరకు మిక్కిలి అనుకూలము. నొప్పి, వాపు ఉన్నచో ఏ నెలయైనను ఆగరాదు. గర్భమున్నదని వైద్యునితో మొదటనే చెప్పవలెను. సొంతముగా మాత్రలు మ్రింగరాదు. టెట్రాసైక్లిను వంటి మందు గర్భస్థ శిశువు పండ్లకు మచ్చ తెచ్చును.

బిడ్డ పాలపండ్లు గర్భముననే రూపుదిద్దుకొని, నాలుగవ నెలనుండి గట్టిపడ నారంభించును. కావున పాలు, పెరుగు, పప్పు, ఆకుకూరలు తల్లికి కావలయును. కానుపుకొక పన్ను పోవునన్న మాట నమ్మదగినది కాదు. బిడ్డ తల్లి పంటిలోని సున్నమును లాగుకొనదు. వేవిళ్ల వాంతి తరువాత వెంటనే పండ్లు తోమక, చిటికెడు వంటసోడా కలిపిన నీటితో పుక్కిలించి, అరగంట తాళవలెను. చిగుళ్ల నెత్తురు చూచి తోముట మానరాదు. మెత్తని కుంచెతో రెండుపూటలు తోమవలెను. బొగ్గు, కచ్చిక పండ్లను అరగదీయును.

బిడ్డ పుట్టిన పిమ్మట తల్లిపాలు మానిపింపకుడు. సీసాతో నిదురపుచ్చకుడు. నమిలిన అన్నమును, నోటబెట్టిన చెంచాను బిడ్డకీయకుడు. మొదటి పన్ను వచ్చిననాటినుండియే బియ్యపుగింజంత ఫ్లోరైడు ముద్దతో తోముడు. నల్లగొండ నీటిబాధ నెరిగినవారు ఫ్లోరైడు పేరు వినగనే వెరచుట సహజము. 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఆ దోషమును వైద్యులు గుర్తించిరి. అది త్రాగునీటిలో అధికమైనదాని ఫలము. బియ్యపుగింజంత మేలే చేయును. మీ ఊరి నీటి సంగతి మాత్రము వైద్యునితో చెప్పుడు.

పెద్దలారా! మన యిండ్లలో కోడలు వైద్యుని యొద్దకు పోవలెనన్న మొదట మన మాటయే అడ్డు, మన మాటయే అండ. ఈసారి "వద్దు" అను మాట నోట రాబోవునపుడు నా మనుమని నాలుగు పండ్లను తలచుకొని, "బండి కట్టుడు, పోయి రండు" అని చెప్పుడు.